సాక్ష్యధర్మమును దినవేతనమును

న్యాయస్థానము పిలిచినపుడు పోయి, కన్నది కన్నట్లు విన్నది విన్నట్లు చెప్పుట మానవునకు ధర్మమనుటలో మన పూర్వులకు సందేహము లేదు. రోగపీడితుఁడు గాకయే, ఋణవివాదమున మూఁడు పక్షములలోపల సాక్ష్యము చెప్పనివాఁడు ఆ ఋణమంతయుఁ దానే తీర్పవలయుననియు, అందు దశమాంశము దండుగ చెల్లింపవలయుననియు మనుస్మృతి యష్టమాధ్యాయము విధించినది. సాక్షులను జెప్పుచోఁ గులము నెంచిన యా గ్రంథముతో నాకు సమ్మతి లేదు. కాని తెలిసియుఁ బలుకనివాఁడు అన్యాయమునఁ బాలుగొన్నవాఁడే యను దాని తీర్పును నేఁడును ద్రోసిపుచ్చలేము. యాజ్ఞవల్క్యస్మృతి వ్యాఖ్యయైన మితాక్షరను 13వ శతాబ్దముననే కేతన తెనుఁగు చేసెను గనుక ఈ విచారము మనకుఁ గ్రొత్తదియుఁ గాదు.

స్మృతికారుఁడు రోగమును మన్నించెను. ఆఁకలిని మన్నింపవలదా?

సమను చేతఁ బట్టుకొని, ఆనాఁటి కూలి వదలుకొని, పొరుగూరి కోర్టు వరండాలో సాయంకాలము వఱకు నిలిచి, తుదకు వాయిదా పడినదను మాట విని యింటికి మరలు పనివానిని దలఁచుకొనుఁడు. సాక్షులు పడు నీ యగచాట్లను సుప్రీంకోర్టే 2000వ సంవత్సరమున స్వరణ్ సింగ్ కేసు తీర్పులో వాపోయినది. హరిశ్చంద్రుఁడు సత్యమునకై రాజ్యమును, ఆలిని, బిడ్డను గోలుపోయి పూజ్యుఁడయ్యెను. అయినను త్యాగము తనకుఁ దాను విధించుకొన్నపుడు తపస్సగునుగాని, పరులు విధించినపుడు దండనమే యగును. నిరపరాధిని బిలిచి, నిజము చెప్పినందులకు వాని బిడ్డల నోటికూడు తీయు సమాజము సత్యమును గొలుచుచున్నదని యెట్లనఁగలము?

ప్రభుత్వోద్యోగుల విషయమున నీ ధర్మము కొంత గుర్తింపఁబడినది. స్వప్రయోజనము లేని వ్యాజ్యమున సాక్షిగాఁ బిలువఁబడినవానికిఁ బ్రత్యేక ఆకస్మిక సెలవు కలదు. భూమితగాదాలో వాదియైనవాఁడు తన సెలవు దాను వెచ్చించుకొనుట న్యాయమే. కాని దొంగలు దోఁచిన గృహస్థు బోనెక్కినపుడు, అదియు స్వప్రయోజనమే యనుట నా బుద్ధికిఁ దోఁపదు. నేరస్థునిపై నభియోగము నడపునది ప్రభుత్వము, అతఁడు పలుకుట ఊరందఱి క్షేమము కొఱకు. ఇఁక 1948 నాఁటి ఫ్యాక్టరీల చట్టము 20 పనిదినముల కొకటి చొప్పున సెలవు నొసఁగినదేగాని సాక్షికిఁ బ్రత్యేకముగా నొకదినమైనను జెప్పలేదు. సెలవను మాటయే యెఱుఁగని దినకూలీ సంగతి చెప్పనేల?

సొమ్ము పుచ్చుకొన్న సాక్ష్యము కొనుఁగోలు సాక్ష్యము గాదా యని కొందఱు శంకింతురు. శంక బరువైనదే. కాని సాక్షి బత్తా మన చట్టమున నున్నదే గదా! సివిలు వ్యాజ్యమున సమను గోరినవాఁడు దారిఖర్చు మున్ముందుగాఁ గోర్టులోఁ గట్టును. క్రిమినలు కేసులలోఁ బ్రభుత్వము చెల్లించు నేర్పాటు గలదు. కక్షిదారుఁడు చాటున నిచ్చు రూపాయి సాక్షి నాలుకను ద్రిప్పవచ్చును. యజమానుఁడు కోయక విడిచిన జీతము, ఏ పక్షమున సాక్ష్యము చెప్పినను ఒక్కటియే గనుక, దేనిని ద్రిప్పఁగలదు? అది సత్యమునకు వెల గాదు, సత్యవాదికి నష్టనివారణము.

కావున పనివాఁడు సమను దెచ్చి చూపిననాఁడు హాజరుపట్టీలో నతని పేరెదుట గైరుహాజరు వ్రాయవలదని యజమానులను, కూలివానికిని ఆ దినవేతనము ప్రభుత్వ ధనము నుండి ముట్టునట్లు శాసనము చేయవలయునని శాసనసభ్యులను బ్రార్థించుచున్నాను.