ఒకే రుచి





మా ఫిలింనగర్ బస్తీలో ఆదివారం బుద్ధ వందనకు వచ్చే ఒక అన్న ఉన్నాడు. షూటింగుల్లో లైట్‌మన్. "సముద్రం చూసినవా అన్నా?" అని ఒకసారి అడిగిన. "ఇరవైసార్లు పోయిన తమ్మీ వైజాగ్‌కు. లైట్లు మోసిన, కేబుళ్లు గుంజిన. హీరో హీరోయిన్ ఒడ్డున కూసున్నరు. నేనైతే ఒక్కనాడు గూడ కూసోలే" అన్నడు.

మనలో చాలామంది కథ ఇదే. విశ్రాంతి అంటే పైన జూబ్లీహిల్స్ బంగళాల వాళ్ల సొత్తు అనుకుంటాం. బాబాసాహెబ్ అలా అనుకోలేదు. 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన ఆయన, ఫ్యాక్టరీ పనిని వారానికి 48 గంటలకు తగ్గించే బిల్లు తెచ్చాడు. మిగిలిన సమయం ఎవరిది? మనిషిది. ఆలోచించుకోవడానికి, తనను తాను చూసుకోవడానికి.

పోయిన మాఘ పున్నమికి ఆరుగురం కలిసి పోయినం. సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కితే పొద్దున వైజాగ్. అక్కడినుంచి భీమిలి రోడ్డు మీద సుమారు 15 కిలోమీటర్లు పోతే తొట్లకొండ. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు. 1976లో నౌకాదళం సర్వే చేస్తుంటే బయటపడింది. 1988 నుంచి 1993 వరకు తవ్వితే స్తూపం, విహారాలు, భిక్షువుల గదులు, భోజనశాల కనిపించాయి. రోమన్ నాణేలూ దొరికాయి. అంటే రెండువేల ఏండ్ల కిందనే సముద్ర వ్యాపారులతో ఈ తీరానికి సంబంధం ఉంది. బింబిసార రాజు వేణువనం దానం చేసేటప్పుడు ఊరికి మరీ దూరం కాని, మరీ దగ్గర కాని చోటు వెదికాడట. తొట్లకొండ అట్లాంటి చోటే. భిక్షకు జనం కావాలి, ధ్యానానికి నిశ్శబ్దం కావాలి.

ఆ గదుల ఇటుకల పక్కన కూర్చుంటే కింద సముద్రం కనబడుతుంది. మా లైట్‌మన్ అన్న గంటసేపు కదల్లేదు. లేచి ఒక్కటే మాట అన్నడు: "మా నాయనను గూడ తీస్కరావల్సింది."

మిత్రులారా, బుద్ధుడు ధమ్మాన్ని సముద్రంతో పోల్చాడు. సముద్రం ఎక్కడ ముట్టినా ఉప్పే, ధమ్మం ఎక్కడ ముట్టినా విముక్తే. నదులు సముద్రంలో కలిస్తే పాత పేర్లు పోతాయి. అట్లనే సంఘంలో చేరినవాళ్ల వర్ణాలు పోతాయి. మాటతో ఆగలేదు. మంగలి ఉపాలికి ముందు దీక్ష ఇచ్చి, శాక్య రాకుమారులు అతనికి మొక్కేటట్టు చేశాడు.

మరి మనం? 22 ప్రతిజ్ఞలు చదివినం. అయినా సంబంధం వస్తే "వాళ్లు మాలలా, మాదిగలా?" అని అడుగుతున్నం. సిగ్గుతో చెప్తున్న, మా అక్క బిడ్డకు సంబంధం వచ్చినప్పుడు నా నోట్లోంచి కూడా ముందు ఆ ప్రశ్నే వచ్చింది. గోదావరి సముద్రంలో కలిసినాక "నేను గోదావరిని" అంటుందా?

కాబట్టి మీరూ పోండి. పోయినప్పుడు ఇవి గుర్తుపెట్టుకోండి. సీసాలు వద్దు, పంచశీల సెలవుల్లో కూడా శీలమే. అక్కడ కూడా ఆడవాళ్లను పొయ్యి ముందు కూర్చోబెట్టకండి; విశ్రాంతి వాళ్లకూ కావాలి. ఇటుకల మీద పేర్లు చెక్కకండి, స్తూపం ఎక్కకండి. అలలు గట్టివి, లోపలికి దిగకండి. ఫోన్ సంచిలో వేసి అరగంట శ్వాసను గమనించండి. అల వచ్చినట్టు ఊపిరి వస్తుంది, పోయినట్టు పోతుంది. దానికి కులం లేదు.

ఇంటికొచ్చినాక అసలు పరీక్ష. పక్కింటి కొత్త మనిషిని పేరు అడగండి, కులం అడగకండి. ఒడ్డున కూర్చున్న ఆ అరగంట అప్పుడే ఫలించినట్టు.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!