గిన్నె ఒకటే, పేర్లు వేరు



మీ ఇంట్లో సొరకాయ అంటారా, ఆనపకాయ అంటారా? ఏదన్నా కూర రుచి మారదు. కానీ కొత్తగా వచ్చిన కోడలు పుట్టింటి మాట వాడితే నవ్వే ఇళ్ళు ఎన్ని లేవు! హాస్టల్లో యాసను వెక్కిరిస్తే పిల్లవాడు నోరు తెరవడమే మానేస్తాడు. మాట చిన్నదే, గాయం చిన్నది కాదు.

భగవానుడు ఈ సంగతి ఎప్పుడో చెప్పాడు. శ్రావస్తిలోని జేతవనంలో భిక్షువులకు చేసిన ఆ ఉపదేశం మజ్ఝిమ నికాయంలో 139వది, అరణవిభంగ సుత్తం. అరణం అంటే కలహం లేనిది. ఒకే గిన్నెను ఒక జనపదంలో పాతి అంటారు, ఒకచోట పత్త అంటారు, ఇంకోచోట సరావ అంటారు. ఏ ఊళ్ళో ఏ మాట నడుస్తుందో అక్కడ ఆ మాటే వాడండి. 'మాదే నిజం, తక్కినవి తప్పు' అని మాత్రం పట్టుబట్టకండి. ఇదీ దాని సారం.

వస్తువుల సంగతే కాదు, జరిగినదాన్ని చెప్పడమూ అంతే. మనం "నాకు కోపం వచ్చింది" అంటాం. ఇంగ్లీషులో "ఐ యామ్ యాంగ్రీ" అంటారు. మన మాటలో కోపం వచ్చిపోయే చుట్టం. ఆ మాటలో 'నేను', కోపం ఒకటైపోయాయి.

అలాగని మన భాషే గొప్పదని మురిసిపోకండి. "కోపం వచ్చింది, తిట్టేశాను" అని నేరం కోపం మీదికి నెట్టేది మనమే కదా! "గ్లాసు పగిలింది" అంటాం, పగలగొట్టిన చేతిని దాచేస్తాం. చేతనే కర్మ అన్నాడు బుద్ధుడు. వాక్యంలో కర్తను దాచినా కర్మ ఫలం దాగదు.

అందుకే ఈసారి కోపం పుట్టినప్పుడు, దానికి పేరు పెట్టేముందు ఒక్క క్షణం ఆగి చూడండి. ఛాతీలో వేడి, బిగిసిన పళ్ళు, వేగంగా ఊపిరి. వాటికి ఏ భాషా లేదు. పుడతాయి, కాసేపు ఉంటాయి, పోతాయి. దాన్నే పాళీలో అనిచ్చ అన్నారు, మనం అనిత్యం అంటాం. పేరు ఏదైనా, చూసినవాడికే అది తెలుస్తుంది.

ఇక ఇంట్లో ఎవరైనా తెలియని మాట అంటే నవ్వకండి. "మీ ఊళ్ళో దీన్నేమంటారమ్మా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో ఇంట్లో ఒక కలహం తగ్గుతుంది. సమ్యక్ వాక్కు అక్కడే మొదలవుతుంది.

అందరికీ మంగళమగుగాక!