పుంజా, పెట్టా?

వసంతకాలంలో మా ఇర్వింగ్ పరిసరాలలోని పశుదాణా దుకాణాలకు ఒక్కరోజు వయసు కోడిపిల్లలు వస్తాయి. వెచ్చని దీపం క్రింద, రేకు తొట్లలో, పసుపు ముద్దల వలె మెదలుతూ ఉంటాయి. మొన్నటి వసంతంలో మనుమరాలిని వెంటబెట్టుకొని చూడబోయాము. ఒక తొట్టిపై పెట్టలని, మరొక తొట్టిపై ఏరనివని ఆంగ్లంలో వ్రాసి ఉన్నది. పెట్టల ధర ఎక్కువ. "తాతా, వీటి అన్నదమ్ములు ఎక్కడ?" అని ఆ పిల్ల అడిగింది. ఏండ్ల తరబడి బడిలో పాఠాలు చెప్పిన మాకు ఆ క్షణంలో జవాబు దొరకలేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసం చేసిన ప్రయత్నం.

గుడ్డు నుండి వెలువడిన నాడు చాలా జాతులలో పుంజుకూ పెట్టకూ పైకి భేదం కనబడదు. ఎర్రని జుట్టు, కూత, తోక ఈకల వంపు వారాల తరువాత వచ్చే గుర్తులు. జపాను శాస్త్రజ్ఞులు మసుయి, హాషిమోతో 1920ల దశకంలో ఒక పద్ధతిని వెలుగులోకి తెచ్చారు. పిల్లను అరచేతిలో పట్టి, మలద్వారపు అంచును మెల్లగా విప్పి, లోపలి సూక్ష్మమైన బుడిపెను చూచి నిర్ణయించడం ఆ పద్ధతి. ఆరితేరినవారు గంటకు సుమారు వేయి పిల్లలను ఏరగలరు. ఎలా తెలిసిందని అడిగితే మాటలలో చెప్పడం వారికే కష్టం. గురువు ప్రక్కన నిలిచి, వేలకొద్దీ పిల్లలను చూచి నేర్చే విద్య అది. కొన్ని జాతులలో రెక్కను విప్పి చూస్తే చాలు. పెట్టపిల్ల రెక్కలో పెద్ద ఈకలు పైవరుస కంటె పొడవుగా ఉంటాయి.

విద్య గొప్పదే, ధర్మసందేహం దాని తరువాత మొదలవుతుంది. గుడ్ల కోసం పెంచే జాతులలో పుంజు గుడ్డు పెట్టదు, మాంసానికీ త్వరగా ఎదగదు. కనుక ప్రపంచంలో ఏటా వందల కోట్ల పుంజుపిల్లలను పుట్టిన రోజే చంపివేస్తారు. గోదావరి జిల్లాలలో సంక్రాంతి పందెం కోసం పుంజునే జీడిపప్పు, బాదం పెట్టి పెంచుతారు. చివరకు దాని కాలికి కత్తి కడతారు. ఒకచోట విలువ లేక చస్తుంది, మరొకచోట విలువ ఉండి చస్తుంది. పుంజు పుంజే, మారినది మన లెక్క.

ఈ లెక్క మా వంశానికి కొత్తది కాదు. మా పూర్వులు మదరాసు రేవు నుండి నాటాలు చెరకు తోటలకు ఒప్పందపు కూలీలుగా వెళ్ళినవారు. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ తొలి కూలీలతో డర్బన్ చేరింది. తోటల యజమానులకు కావలసినది మగవారి బలం. కాలక్రమంలో, నూరుగురు మగవారికి నలభైమంది స్త్రీలైనా ఉండాలని ప్రభుత్వమే నియమం పెట్టవలసి వచ్చింది. మా ముత్తవ్వ ఆ లెక్కలో ఒక అంకె. ఆమె పలికిన తెలుగు మా తరానికి వచ్చేసరికి చెదిరిపోయింది. సాయంకాలపు తరగతులలో ఒక్కొక్క మాటగా మళ్ళీ ఏరుకొన్నాము.

కడుపులోని శిశువు ఆడో మగో పరీక్షించి చెప్పడాన్ని భారతదేశం 1994 నాటి చట్టంతో నిషేధించింది. తెలుసుకోవడమే పాపమని కాదు. తెలిసిన పిమ్మట ఆడశిశువు బ్రతుకు నిలువలేదు గనుక. కోళ్ళలో లింగాన్ని నిర్ణయించేది తల్లి, మనుషులలో తండ్రి. అయినా ఆడపిల్ల పుట్టిందన్న నింద మోసినది తల్లులే. కోడిపిల్లా మనిషిబిడ్డా సమానమని మేము అనడం లేదు. కాని రెండుచోట్లా ప్రశ్న ఒకే దారిన జారింది. 'ఇది ఏమిటి?' అన్నది 'ఇది మనకు దేనికి?' అయింది.

మార్గాలు లేకపోలేదు. జర్మనీ 2022 జనవరి 1 నుండి పుంజుపిల్లలను చంపడం నిషేధించింది. పొదిగే దశలోనే గుడ్డును పరీక్షించడం, లేదా పుంజులనూ పెంచడం అక్కడి మార్గాలు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన 'వనరాజ' జాతిలో పెట్టను గుడ్లకు, పుంజును మాంసానికి పెరటిలోనే పెంచవచ్చు. అది అహింస కాదు. కాని పుట్టిన నాడే వద్దనిపించుకొనే పిల్ల అందులో ఉండనవసరం లేదు. గుడ్డు ముట్టని కుటుంబాలు ఈ ప్రశ్న మనది కాదనుకోవచ్చు. పాడిపశువు ఈనిన కోడెదూడ ఎక్కడికి పోతుందని అడిగితే, మన పాలగ్లాసు కూడా జవాబు చెప్పవలసినదే.

ఆ రోజు మేము పిల్లలను కొనలేదు. ఇంటికి వస్తూ మనుమరాలికి నిజమే చెప్పాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే ఏరని తొట్టిలోవే తెచ్చుకుందాం తాతా. పుంజు వస్తే పుంజునే పెంచుదాం" అన్నది. తెల్లవారుజామున కూసే పుంజును ఇరుగుపొరుగువారు ఓర్చుకొంటారా అని వాళ్ళ అమ్మ అడిగింది. మా ఇంట ఆ చర్చ ఇంకా సాగుతున్నది. మీ ఇంట కూడా, పిల్లలతో, తెలుగులో సాగాలని కోరుతున్నాము.