అంగడి పిల్లకును విశ్రాంతి

ధ్యాన భాగము: నిర్గమకాండము 20:8–11, మార్కు 6:30–44

మన ప్రాంతపు బిడ్డలు చదువు నిమిత్తము దూరదేశములకు వెళ్లుచున్న దినములివి. జర్మనీకి వెళ్లినవారిలో కొందరు ఒక కుటుంబమువారి యింట బస చేసి చదువుకొందురు. అట్టి కుమారుడు ఫోనులో, “ఇక్కడ సాయంకాలమైతే పని మాట ఎత్తరు, ఆదివారము అంగళ్లు మూసియుండును, ఇంటివారితో కలిసి నెమ్మదిగా షికారు వెళ్లితిమి” అని చెప్పినయెడల, టెక్కలిలోని తలిదండ్రులకు సంతోషముకంటె ముందు భయము కలుగును. అప్పు చేసి పంపితిమే, వీడు సోమరియగుచున్నాడేమో అని!

ఆ భయము ఊరక పుట్టినది కాదు. 2024 సెప్టెంబరునుండి అక్కడి విద్యార్థి వీసాకు ఏడాది ఖర్చుగా 11,904 యూరోలు సాధారణముగా ముందే చూపవలసియున్నది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను పడగొట్టగా, మరల మొక్క నాటి కాపుకొరకు ఏండ్లు కనిపెట్టిన తండ్రికి ఆ లెక్క బరువు తెలియును.

అయినను ఆ నెమ్మది సోమరితనము కాదని మేము తలంచుచున్నాము. ఆదివారమును విశ్రాంతి దినముగా కాపాడవలెనని ఆ దేశస్థులు 1919లో తమ రాజ్యాంగమందు వ్రాసికొనిరి. 1949 నాటి రాజ్యాంగమును దానిని నిలిపినది. క్రిస్మస్సుకు ముందు వచ్చు నాలుగు ఆదివారములును అంగళ్లు తెరచుటకు బెర్లిను అనుమతింపగా, సంఘములు న్యాయస్థానమునకు వెళ్లెను. ఆ ఏర్పాటు చెల్లదని 2009 డిసెంబరు 1న తీర్పు వచ్చెను. ఆదివారము గుడికి వెళ్లనివారు అక్కడ అనేకులు. అయినను ఆ దినము వారికిని కలదు. ఆసుపత్రులు, రైళ్లు నడుచుచునేయుండును. తక్కినవారు శనివారమే సరకులు కొనుక్కొందురు గనుక అంగడిలో నిలుచు పిల్లకును సెలవు దొరకును.

దేవుని ఆజ్ఞయు ఇట్టిదే. ఐగుప్తులో ఇటుకల లెక్క అప్పగించుచు సెలవెరుగక బ్రదికిన జనులకు ఆయన ఒక దినము నిచ్చెను. దానిని యజమానునికి మాత్రమే ఇయ్యలేదు. దాసికిని, పశువునకును, ఇంటనున్న పరదేశికిని ఇచ్చెను. భోజనమునకైనను తీరికలేని శిష్యులను ప్రభువు ఏకాంతమునకు పిలిచెను. అయితే ఆకలిగొన్న జనులు వచ్చినప్పుడు వారిని వట్టి చేతులతో పంపివేయలేదు.

ఇప్పుడు మన ఇంటివైపు చూతము. పలాసలో జీడిపిక్కలు కొట్టి పప్పు తీయు తల్లుల చేతులు జీడినూనెకు నల్లబడును. చేసిన పనికే కూలి గనుక, ఒక దినము ఆగిన ఆ దినపు కూలి పోవును. “అమ్మా, విశ్రమింపుము” అని బోధించుట సులభము. ఆ బోధ ఆమె కుండలో బియ్యము పోయదు. ఆజ్ఞ మొదట పని యిచ్చువారినే అడుగుచున్నది. ఆదివారము ఆరాధనలో కూర్చుండు మనము, మన తోటలో, అంగడిలో, వంటింట పనిచేయువారికి కూలి కోయక ఒక దినము ఇచ్చుచున్నామా?

పరదేశమందున్న బిడ్డా, ఆదివారము ఆ యింటివారితో కాఫీ త్రాగునప్పుడు నేరస్థునివలె కూర్చుండవలదు, కృతజ్ఞతతో కూర్చుండుము. నీ నెమ్మది వెనుక ఎవరి చేతులున్నవో మరువకుము. సెలవులకు వచ్చినప్పుడు ఒక ఆదివారము నీవే అన్నము వండి, తల్లిని అరుగుమీద కూర్చుండబెట్టుము.

ప్రభువా, మేము పొందిన విశ్రాంతిని ఇతరులకు పంచు మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.