ఇచ్చుటయు, తిరిగి ఇచ్చుటయు

జక్కయ్య ప్రభువు ఎదుట నిలిచి పలికిన మాటలో రెండు వేరువేరు సంగతులున్నవి. తన ఆస్తిలో సగము బీదలకిచ్చుట ఒకటి. అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు తిరిగి చెల్లించుట రెండవది. మొదటిది దానము, రెండవది న్యాయము. దానము చేయువాడు దాతగానే నిలిచియుండును; అతని పీఠము కదలదు. తిరిగి చెల్లించువాడు మాత్రము, ఆ సొత్తు మొదటినుండియు తనది కాదని ఒప్పుకొనవలెను. క్రైస్తవ లోకము మొదటిదానిని విరివిగా అభ్యసించినది; రెండవదానియొద్ద తరచు తడబడినది. ఈ రెంటి నడుమనున్న దూరము ఎంతటిదో, ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగమున రాజకీయములలో ప్రవేశించిన ఒక మిషనెరీ జీవితము తేటపరచుచున్నది.

గార్‌ఫీల్డ్ టాడ్ 1908లో న్యూజీలాండ్ దేశమందు జన్మించెను. చర్చెస్ ఆఫ్ క్రైస్ట్ సంఘముల పక్షమున 1934లో సతీమణి గ్రేస్‌తో కూడ దక్షిణ రొడీషియాకు, అనగా నేటి జింబాబ్వేకు, వచ్చి దదాయా మిషనులో పరిచర్య నారంభించెను. ఆ దేశమును ఏలువారు అల్పసంఖ్యాకులైన తెల్లవారు. 1930 నాటి భూవిభజన చట్టము దేశపు భూమిలో దాదాపు సగమును వారికే కేటాయించియుండెను. ఇట్టి దేశములో టాడ్ దంపతులు ఆఫ్రికన్ బిడ్డలకు విద్య నేర్పిరి. గ్రేస్ సిద్ధపరచిన బోధనా ప్రణాళికలు దదాయా పేరుతోనే ఇతర ఆఫ్రికన్ పాఠశాలలలోను వాడుకలోనికి వచ్చెను.

అయినను 1947లో ఆ దదాయా విద్యార్థులే, దండన విషయమై, సమ్మె చేసిరి. ఆనాడు అచ్చట ఉపాధ్యాయుడుగా నున్న న్దబానింగి సితోలె తరువాతి కాలమున విమోచనోద్యమ నాయకులలో ఒకడాయెను. మేలు పొందినవారు మేలు చేసినవానిని ప్రశ్నించుట కృతఘ్నతయా, లేక ఆ విద్య ఫలించినదనుటకు గురుతా? మిషను పాఠశాలల వెలుగులో పెరిగిన భారతదేశపు సంఘములకును ఈ ప్రశ్న పరాయిది కాదు.

టాడ్ 1946లో శాసనసభకు ఎన్నికై, 1953లో ప్రధానమంత్రి ఆయెను. బడి యీడు గల ప్రతి ఆఫ్రికన్ బిడ్డకును ప్రాథమిక విద్య అందవలెనని ప్రణాళిక వేసెను. కాని 1954లో వాంకీ బొగ్గుగని కార్మికులు సమ్మె చేసినప్పుడు అత్యవసర పరిస్థితి ప్రకటించి సైనికులను పంపినదియు ఆయనయే. బడి కట్టించిన చేయియే సైన్యమును పంపెను. ఇది కపటమని తీర్పు తీర్చుట సులభము. సత్యము అంతకంటె లోతైనది. తండ్రివలె ప్రేమించువాడు, బిడ్డలు ఎదిగి తమ భాగమడిగినప్పుడు, దానిని అవిధేయతగానే ఎంచును. ఎదుటివానిని ఎన్నడును ఎదగనియ్యని ప్రేమ, ఎంత యథార్థమైనదైనను, ఇంకను న్యాయము కాలేదు.

అయితే ఆయన పక్షమున చెప్పదగిన మాట ఒకటి గలదు. ఓటు హక్కు ఆదాయము, ఆస్తి మొదలగు అర్హతలతో ముడిపడియుండెను గనుక ఓటర్లలో మిక్కిలి అధికులు తెల్లవారే. వారిని మించి వేగముగా నడచిన పాలకుడు అధికారమునే పోగొట్టుకొనును. అధికారము లేనివాడు ఏమి మేలు చేయగలడు? మెల్లమెల్లగా నడుచుటయే వివేకమని అనేకులు తలంచిరి. ఈ వివేకమునకు పరీక్ష త్వరలోనే వచ్చెను. 1957లో మరికొందరు ఆఫ్రికన్లకు ఓటు లభించునట్లు టాడ్ ఒక సవరణ తెచ్చి, అది నెగ్గనియెడల రాజీనామా చేసెదనని పలికెను. సవరణ నెగ్గెను. కాని 1958 జనవరిలో ఆయన మంత్రులు మూకుమ్మడిగా రాజీనామా చేసిరి. ఫిబ్రవరిలో ఆయన పదవి పోయెను. ఆ యేటి ఎన్నికలలో ఆయన పక్షమునకు ఒక్క స్థానమైనను దక్కలేదు. కొంచెము ఇచ్చినవానిని సహితము ఆ వ్యవస్థ సహింపలేదు. అన్యాయము దానమును మెచ్చుకొనును. హక్కు అను మాట వినబడగానే పండ్లు కొరుకును.

పదవి పోయిన పిమ్మట ఆయన దృష్టి మారెను. అధిక సంఖ్యాకుల పాలనయే న్యాయమని బహిరంగముగా పలికెను. 1965లో ఇయాన్ స్మిత్ ప్రభుత్వము ఆయనను ఒక సంవత్సరము తన పశుక్షేత్రము దాటకుండ నిర్బంధించెను. 1972లో ఆయనను, కుమార్తె జూడిత్‌ను చెరసాలలో వేసిరి. అటుపిమ్మట 1976 వరకు ఆయన గృహనిర్బంధములోనే యుండెను. ఒకప్పుడు సైన్యమును పంపినవాడు ఇప్పుడు బంధింపబడినవారి ప్రక్కన కూర్చుండెను. సహోదరత్వమును ఆయన నేర్చినది పీఠము మీద కాదు, పీఠము క్రింద.

1980లో జింబాబ్వే స్వతంత్రమైనప్పుడు ఆయన సెనేటులో సభ్యుడాయెను. తన పశుక్షేత్రములో కొంత భాగమును, విమోచన యుద్ధములో వికలాంగులైన యోధుల సహకార సంఘమున కిచ్చెను. ఒకప్పుడు అక్షరములిచ్చిన చేయి ఇప్పుడు భూమినిచ్చెను. జక్కయ్య రెండవ మాట ఇక్కడనే నెరవేరినది. అటు తరువాత ముగాబే పాలన తన ప్రజలనే అణచినప్పుడు టాడ్ దానిని విమర్శించెను. మిత్రుడు సింహాసన మెక్కినంత మాత్రమున న్యాయపు కొలత మారదు గదా. 2002లో ఆ ప్రభుత్వము ఆయన పౌరసత్వమును, దానితో ఓటు హక్కును తీసివేసెను. ఇతరుల ఓటు కొరకు పదవినే పణముగా నొడ్డినవాడు తొంబది నాలుగేండ్ల ప్రాయమున ఓటు లేనివాడై ఆ యేడు అక్టోబరులో కన్నుమూసెను.

ఈ జీవితము పరిశుద్ధుని చరిత్ర కాదు. ఆలస్యముగా నేర్చుకొనినవాని చరిత్ర. అయినను సంఘమునకు ఇది అవసరమైన సాక్ష్యము. అధికారము చేతనున్న దినములలోనే తిరిగి ఇచ్చుట నేర్చుకొనవచ్చునా, లేక దానిని పోగొట్టుకొనినవాడే దానిని నేర్చునా? జక్కయ్య పదవిలో నుండగానే నేర్చెను. ప్రభువు తన యింట అడుగుపెట్టిన దినముననే లెక్క సరిచూచెను. తన యింటి పనివారియెడల, తన పొలములో పాటుపడువారియెడల, తన సంఘములో చివరి బల్లమీద కూర్చుండువారియెడల ప్రతి విశ్వాసియు అడుగవలసిన ప్రశ్న, వారికి ఏమి ఇచ్చితిననునది కాదు. వారిదై తనయొద్ద నిలిచిపోయినది ఏదియనునదే.