గడప దాటిన జలము

వీరశైవుల అష్టావరణములలో పాదోదకము ఒకటి. గురు లింగ జంగముల సన్నిధిని సామాన్యజలము తీర్థమగుచున్నది. నీటిని ఇంతగా గౌరవించు భక్తుడు తన గడప దాటిన నీటి గతిని విచారింపవలదా?

ఉప్పల్‌లో నొక గృహిణి ప్రాతఃకాలమున స్నానమాడి, విభూతి ధరించి, ఎడమ అరచేత ఇష్టలింగము నుంచుకొని మజ్జనము చేయించును. ఆ జలమును తీర్థముగా స్వీకరించును. పిమ్మట అంట్లు తోమిన నీరు, బట్టలుతికిన నీరు, మరుగుదొడ్డి నీరు భూగర్భమున నొక్కటియై సాగిపోవును. ఆమెకు అది అంతటితో ముగిసినది. నీటికి మాత్రము యాత్ర అప్పుడే మొదలు.

వికారాబాదు చెంత అనంతగిరి కొండలలో పుట్టిన మూసీనది హైదరాబాదు నడుమ ప్రవహించి, నాగోలు, ఉప్పల్ ప్రక్కగా సాగి, వాడపల్లి వద్ద కృష్ణలో గలియుచున్నది. నగరపు మురుగు దానిని కలుషితము చేయుచుండగా జాతీయ నదీ పరిరక్షణ ప్రణాళిక క్రింద శుద్ధికేంద్రములు వెలసినవి. దినమునకు అంబర్‌పేటలో 33 కోట్ల 90 లక్షలు, నాగోలులో 17 కోట్ల 20 లక్షలు, ఉప్పల్ నల్లచెరువు వద్ద 3 కోట్ల లీటర్ల సామర్థ్యముతో వాటిని నిర్మించిరి. తరువాతి కాలమున నగరమున మరికొన్ని చేరినవి.

శుద్ధికేంద్రమున మొదట జల్లెడలు గుడ్డపేలికలను, ప్లాస్టిక్కును ఆపును. ఇసుక అడుగున చేరును. పిదప కంటికి కానరాని సూక్ష్మజీవులు మాలిన్యమును భుజించి నీటిని తేటపరచును. అదియు నొక కాయకమే. అయితే ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడలలో నెవరైనను విషరసాయనములను మురుగుకాలువలో వదలినచో ఆ జీవులే నశించును. జలకాలుష్య నివారణకై 1974లోనే చట్టము వచ్చినది. అయినను చాటున వదలు చేతిని చట్టముకంటె ముందు అంతరాత్మ పట్టుకొనవలెను.

ఉప్పల్ పరిసరములలో మూసీనీటితో పశుగ్రాసముగా పారాగడ్డిని పెంచుట చిరకాలముగా గలదు. ఆ గడ్డిని గేదెలు మేయును. ఆ పాలు నగరమునకే వచ్చును. గడప దాటించిన మాలిన్యము లింగార్పితమగు పాలగిన్నె దారినే తిరిగి రాగలదు. బయట శుచి లేనిదే లోపల శుచి నిలువదు.

మురుగుకాలువ పూడినచో దానిలోనికి దిగువాడు సాటి మనుష్యుడే. రక్షణ లేక మనుష్యులను దింపరాదని 2013 నాటి చట్టము శాసించుచున్నది. అయినను విషవాయువులకు కార్మికులు బలియగుచునే యున్నారు. వంటింట పారబోసిన నూనె, కాలువలో పడవైచిన గుడ్డ ఒకని ప్రాణము మీదికి రావచ్చును. శరణుల వస్త్రములను ఉతికిన మడివాలు మాచయ్యను పూజ్యునిగా నెంచిన సంప్రదాయమున, మన మైలను కడుగువాడు తక్కువవాడెట్లగును? అతని ప్రాణమును కాచుటయు దాసోహమే.

కావున మఠముల దాసోహశాలలలో మిగిలిన నూనెను కాలువలో పోయక వేరుగా నుంచవలెను. విస్తళ్లను, పూజాపుష్పములను ఎరువు చేయవలెను. కర్మాగారము గల భక్తుడు తన మురుగును తన ఆవరణలోనే శుద్ధిచేయించి పిదప విడువవలెను. సదాచారమనగా ఇదియే.

శుద్ధికేంద్రము ఎంత పెద్దదైనను గృహములందు తప్పిన నియమమును పూర్తిగా సరిదిద్దజాలదు. తీర్థము పుచ్చుకొను చేతితోనే మురుగుకాలువను కాపాడువాడు పాదోదకమునకు అర్హుడు.