కంటికి ఆనని చోటే సింహద్వారం బలం

చిరంజీవి చిన్నాకి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

 

నువ్వు పంపిన తలుపు ఫొటో చూశాను. రెండు రెక్కలు, వాటి నిండా అష్టలక్ష్ములు, అంచులకు బంగారు పూత, వేలు పెడితే తెరుచుకునే తాళం. ‘ఎలా ఉంది పెదనాన్నా, అడ్వాన్సు ఇచ్చేయనా?’ అని అడిగావు. అవుననో కాదనో ఫోన్లో తేల్చేసే సంగతి కాదు గనక కూర్చుని రాస్తున్నాను. నా ఉద్యోగమంతా ఇళ్ళు కట్టించే పనిలోనే గడిచింది. సింహద్వారం దగ్గరికి వచ్చేసరికి మనవాళ్ళు ఎక్కడ డబ్బు కుమ్మరిస్తారో, ఎక్కడ చెయ్యి బిగబడతారో నాకు బాగా తెలుసు.

చిన్నా, తలుపుకి బలమూ ఆయుష్షూ వచ్చేది ఎవరి కంటికీ ఆనని చోట్ల నుంచి. ద్వారబంధం గోడని ఎంత గట్టిగా పట్టుకుంది, బందులకు ఏ స్క్రూలు పడ్డాయి, రెక్క కింది అంచుకి రంగు తగిలిందా లేదా, అసలు సంగతి అక్కడుంది. ఆ చోట్ల నిజాయితీగా ఉన్నవాడు పైన ఏ అలంకారం చేసుకున్నా అందంగానే ఉంటుంది. అక్కడ మోసం చేసి పైకి మెరుగులు దిద్దితే పైన పటారం, లోన లొటారం.

నీ స్థలం భీమిలి రోడ్డులో, సముద్రానికి కూతవేటు దూరంలో ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు నువ్వు హైదరాబాద్‌లో చదువుకుంటున్నావు. గంటకు 170, 180 కిలోమీటర్ల గాలి. ముందు ఒక దిక్కునుంచి కొట్టింది. తుఫాను కన్ను మీదుగా వెళ్ళేటప్పుడు కాసేపు తెరిపి ఇచ్చి, మళ్ళీ ఎదురు దిక్కునుంచి అందుకుంది. అందుకే ‘మా తలుపు గాలి కొట్టే వైపు లేదులే’ అనే ధీమా మన తీరంలో పనికిరాదు. ఆ తర్వాత నేను తిరిగి చూసిన ఇళ్ళలో తలుపు చెక్క విరిగినవి తక్కువ. ద్వారబంధంతో సహా ఊడి లోపలికి పడినవి, గడియ దిగే చోట చెక్క చీలి తెరుచుకున్నవి ఎక్కువ. తలుపు పోతే నష్టం తలుపుతో ఆగదు. లోపలికి జొరబడిన గాలి కప్పుని కిందనుంచి నెడుతుంది, బయట మీదుగా వీచే గాలి దాన్నే పైకి లాగుతుంది. రేకుల కప్పులు ఎగిరిపోవడం వెనక చాలాసార్లు ఉండేది ఇదే. నీది స్లాబు ఇల్లు కాబట్టి కప్పుకి భయం లేదు గానీ, ఫాల్స్ సీలింగూ అవతలివైపు కిటికీ అద్దాలూ ఆ ఒత్తిడికి నిలవవు.

మన తలుపులు లోపలికి తెరుచుకుంటాయి. అంటే గాలి తోసినా, దొంగ తన్నినా ఆ బరువంతా మోసేది బందులూ గడియలే. కాబట్టి ద్వారబంధం నిలబెట్టే రోజు నువ్వే దగ్గరుండు. ముహూర్తానికి నవధాన్యాలు, నాణేలు వేసి గడప పెట్టి, కొబ్బరికాయ కొట్టి అందరూ టిఫిన్లకు వెళ్ళిపోతారు. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. ద్వారబంధాన్ని గోడకి పట్టి ఉంచే హోల్డ్‌ఫాస్ట్‌లు ఒక్కో పక్కకు మూడేసి ఉండాలి, వాటి చుట్టూ ఇటుక ముక్కలు కుక్కకుండా కాంక్రీటు పోయించాలి. రెండు రెక్కల తలుపు కావాలంటున్నావు గనక రెండో రెక్కకు పైనా కిందా పొడుగాటి గడియలు పెట్టించు. కింది గడియకు నేలలో కొట్టే బెజ్జం చాలా ఇళ్ళలో అరంగుళం కూడా ఉండదు, అదీ ఏడాది తిరిగేసరికి దుమ్ముతో నిండిపోతుంది. గడియ పడినట్టే కనిపిస్తుంది, గట్టిగా నెడితే రెక్క వచ్చేస్తుంది. అందులో ఒక స్టీలు గొట్టం ముక్క దిగేయించి, నెలకోసారి దుమ్ము తీస్తుండు.

ఇక స్క్రూలు. తలుపు బిగించేటప్పుడు వడ్రంగి చేతులవైపు చూడు. తొందరలో ఉన్న కుర్రాడు స్క్రూని సుత్తితో మూడు దెబ్బలు కొట్టి, చివరి చుట్టు మాత్రం స్క్రూడ్రైవర్‌తో తిప్పుతాడు. తల చక్కగా కూర్చుంటుంది, లోపల చెక్క నార తెగిపోయి మరకి పట్టు ఉండదు. ముందు సన్నటి బెజ్జం వేయించి మొదటినుంచీ తిప్పించే బిగించమను. నలభై మిల్లీమీటర్ల మందం టేకు రెక్కకి నాలుగు బందులు, అవీ ఐదంగుళాలవి ఉండాలి. ఉప్పుగాలికి ఇనుము నిలవదు. స్టెయిన్‌లెస్ స్టీలులోనూ మామూలుగా దొరికేది 304, సముద్రం పక్కన నీకు కావలసింది 316. దాన్లో మాలిబ్డినం కలుస్తుంది కాబట్టి ఉప్పుకి బాగా తట్టుకుంటుంది. ధర ఎక్కువే. ఆ తేడా బంగారు పూతలో తగ్గించుకో.

చెక్క గురించి కాస్త ఎక్కువ రాస్తాను, మోసం ఎక్కువ జరిగేది అక్కడే కాబట్టి. టేకు అన్న పేరు చూసి సంబరపడకు. చెట్టు నడిమి చేవే టేకు. చుట్టూ ఉండే పాలిపోయిన తెల్లచెక్క చెదలకు ఆహారం. లేత తోటల్లో తొందరగా కొట్టిన మానుల్లో ఆ తెల్లచెక్కే ఎక్కువ. పాలిష్ పట్టిస్తే రెండూ ఒకే రంగు. అందుకని రంగు పడకముందే చెక్క చూసి తీసుకో. రెడీమేడ్‌గా మెరుస్తూ నిలబెట్టిన తలుపులో ఏముందో నాలాంటివాడు కూడా చెప్పలేడు. బల్లార్షా టేకు అంటారు, బర్మా టేకు అంటారు, ఘనా నుంచి వచ్చింది అంటారు. ఎక్కడిదైనా సరే, బిల్లూ పర్మిటూ ఉన్న చెక్కే కొను. ‘బిల్లు లేకుండా అయితే సగం ధరకే ఇప్పిస్తాను’ అనేవాడు తప్పకుండా ఎదురవుతాడు. అడవిలో దొంగతనంగా నరికిన చెట్టుని గుమ్మంలో నిలబెట్టి, దానికే పసుపూ కుంకుమా పెట్టి పూజ చేయడం మన ఇంటా వంటా లేదు. టేకు అందుబాటులో లేకపోతే వేగిస ఉంది, ముదురు వేప ఉంది. వాటితో చేసిన గుమ్మాలు మన పల్లెల్లో తరాలు మోశాయి.

చెక్క ఆరిందా లేదా అన్నది అంతకన్నా ముఖ్యం. అదే మొద్దులోంచి గుప్పెడు ముక్క ఒకటి కోయించి తెచ్చుకో. వంటింటి త్రాసులో తూచి, వారం రోజులు ఎండలో ఉంచి మళ్ళీ తూచు. బరువు బాగా తగ్గిందంటే ఆ చెక్క ఇంకా పచ్చిది, తలుపు చేశాక మెలి తిరుగుతుంది. చెక్క పొడుగున దాదాపు కదలదు, అడ్డంగా వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. ఇది తెలిసే పాత వడ్రంగులు పలకల తలుపు చేసేవారు. చుట్టూ చట్రం, మధ్య గాడిలో జిగురు పెట్టకుండా నిలిపిన పలకలు. పలక గాడిలోనే పెరుగుతుంది, తగ్గుతుంది, రెక్క కొలత మాత్రం పెద్దగా మారదు. ఎక్కడా చీలిక రాదు. నాకు తెలిసినంతలో తలుపుకి అంతకన్నా అందమైన రూపం లేదు. ఆ అందం అవసరంలోంచి పుట్టింది.

నీ ఫొటోలోని అష్టలక్ష్ముల సంగతీ చెబుతాను, నొచ్చుకోకు. చెక్కడం గొప్ప విద్యే. శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో దేవతామూర్తులు చెక్కే చేతులు చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అయితే లోతైన చెక్కుడు బయటి గాలికి, వానకి ఎదురుగా ఉంటే ప్రతి మడతలోనూ నీళ్ళు, ఉప్పు, దుమ్ము నిలుస్తాయి. పాలిష్ ముందు లేచిపోయేది అక్కడే. పైగా చేతిలో సామాన్లు ఉన్నప్పుడు తలుపుని మోకాలితోనో కాలితోనో తోస్తాం. లక్ష్మీదేవి మీద కాలు వేయడం నీకూ ఇష్టం ఉండదు. ఆ శిల్పం ఒక్కటి చేయించి పూజగదిలో పెట్టుకో. సింహద్వారం బయటి వైపు నున్నటి పలకలు, పై పట్టీ మీద సన్నటి లత ఒకటి, మంచి ఇత్తడి పిడి చాలు.

వానకీ ఎండకీ తట్టుకునే పాలిష్ ఏదని అడిగావు. బయటి వాడకానికి తయారైన పాలీయూరెథేన్ వేయించు, రెండు మూడేళ్ళకోసారి మళ్ళీ పూత తప్పదు. అన్ని పూతలకన్నా నీడ గొప్పది. తలుపు మీద కనీసం నాలుగడుగుల సన్‌షేడ్ పోయించు. దానివల్ల తలుపు బతుకుతుంది. అంతకన్నా, తలుపు తట్టి నిలబడే మనిషికి అది నీడ. పార్సిల్ తెచ్చిన కుర్రాడు, పాలు పోసే ఆవిడ, మీటరు చూసేవాడు వానలో తడుస్తూ నీ ఖరీదైన తలుపు ముందు నిలబడితే ఆ ఇంటికి ఏం మర్యాద? వీలైతే పక్కన ఒక చిన్న అరుగు కూడా కట్టించు. పాత ఇళ్ళలో బాటసారి కూడా కూర్చునేవాడు.

ఆరు వైపులా రంగు పడాలని వడ్రంగికీ పెయింటరుకీ ఇద్దరికీ చెప్పు. ముందు, వెనక, రెండు పక్కలు, పైఅంచు, కిందంచు. చెక్క తేమని ఎక్కువ తాగేది నార కోసిన కొనలనుంచే, అవి ఉండేది పైనా కిందానే. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు స్టూలెక్కి తలుపు పైఅంచు మీద వేళ్ళు పెట్టి చూడు, గరుగ్గా తగులుతుంది. అది ఎవరికీ కనపడదు, అందుకే ఎవరూ పూయరు. బిగించాక కిందంచు రాసుకుంటోందని చిత్రిక పడితే, అక్కడ మళ్ళీ పూత వేయించాలి. ద్వారబంధం కాళ్ళ సంగతీ అంతే. మన ఆడవాళ్ళు గడప కడగని రోజుండదు, ఆ నీళ్ళు తాగి కాళ్ళు ముందు పుచ్చుతాయి. నిలబెట్టక ముందే ఆ కొనలను చెదల మందులో నానబెట్టించు. బయటి నేల లోపలికన్నా అంగుళం కిందికి, వాలు బయటికి ఉండాలి. గడప తీసేసి గ్రానైటు సమంగా పరిపించాలన్న ఆలోచన మానుకో. గాలివానొస్తే హాలంతా నీళ్ళే. మీ అమ్మ కాలికి తగలకుండా అంచు గుండ్రంగా చేయించి, అరంగుళం ఎత్తు ఉంచితే సరిపోతుంది.

తాళం విషయంలో మీ అమ్మనే ముందు తలచుకో. పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండేది ఆవిడే. వేలిముద్ర తాళం పెట్టుకో, వద్దనను. కానీ బ్యాటరీ అయిపోయిన రోజు తెరవడానికి తాళంచెవి ఉండాలి. లోపలినుంచి మాత్రం చెవీ అంకెలూ లేకుండా ఒక్క తిప్పుతో తెరుచుకోవాలి. మంట లేచినప్పుడు చెవి వెతుక్కునే పరిస్థితి ఎవరికీ రాకూడదు. మ్యాజిక్ ఐ నీ ఎత్తుకి పెట్టిస్తే ఆవిడకు అందదు, ఆవిడ కళ్ళ ఎత్తుకి ఇంకొకటి వేయించు. బయట ఇనుప జాలీ తలుపు ఒకటి ఉంటే సాయంత్రాలు గాలీ వస్తుంది, వచ్చినవాళ్ళతో భయం లేకుండా మాట్లాడగలుగుతుంది. స్టీలు తలుపు బాగుంటుందా అన్నావు. ఉబ్బదు, చెద పట్టదు, గాల్వనైజ్ చేసిన మంచి రకమైతే ఫరవాలేదు. గీత పడితే మాత్రం సముద్రపు గాలికి తుప్పు అక్కడినుంచే పాకుతుంది.

చివరగా వడ్రంగి. గృహప్రవేశం ముహూర్తం ముంచుకొస్తోందని ఆయన్ని తరమకు. మొదటి వాన వెలిశాక ఒకసారి వచ్చి రెక్క సర్దిపెట్టేలా ఇప్పుడే మాట్లాడుకో, ఆ రాకకూ కూలి ఇస్తానని చెప్పు. గృహప్రవేశం నాడు బట్టలు పెట్టి భోజనం పెడతాం సరే, మిగిలిన బాకీ ఆ ముందురోజే ఆయన చేతిలో పెట్టు. పండగ ఇంట్లో డబ్బుకోసం గుమ్మం దగ్గర నిలబెట్టకూడదు.

ఆ షాపువాడికి అడ్వాన్సు ఇవ్వకు. శుక్రవారం బండికి నేను వైజాగ్ వస్తున్నాను, శనివారం ఇద్దరం సామిల్లుకి వెళ్దాం. గుమ్మం కొలతలు, సన్‌షేడ్ ప్లాను కాగితం మీద గీసి ఉంచు. మీ అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
పెదనాన్న